వైరస్‌కి ఆకలి ఉంటుందా? – పాఠకుల ప్రశ్నలు, ఒక పరిశోధకురాలి జవాబులు

విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. డెంగ్యూ వైరస్ మనిషి లివర్ కణంలోకి చేరాక ఆ కణం చక్కెరనీ కొవ్వునీ వాడుకునే తీరు ఎలా మారుతుందన్నది నా పరిశోధన. వానలు మొదలైనప్పటి నుంచి ఉత్తరాలన్నీ జ్వరాల చుట్టూనే వస్తున్నాయి. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు. ఒక్కమాట ముందే చెబుతాను: నేను ల్యాబ్ మనిషిని, డాక్టర్ని కాదు. ఇంట్లో జ్వరంతో ఎవరైనా పడుకుని ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయి వైరస్‌ల మీద పీహెచ్‌డీలో చేరింది. "వైరస్ వస్తే కణం మెటబాలిజం మారిపోతుంది నాన్నా" అంటుంది. నోరూ పొట్టా లేని వైరస్ తినేదేమిటి? బంధువులు అడిగితే చెప్పలేకపోతున్నాను.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఉక్కునగరం

వైరస్ ఏమీ తినదండీ. మెటబాలిజం అంటే కణం చక్కెరనీ కొవ్వునీ శక్తిగా, సామానుగా మార్చుకునే పని. డెంగ్యూ వైరస్ అంటే దాదాపు 50 నానోమీటర్ల ఉండ. లోపల 11 వేల అక్షరాలకు కాస్త తక్కువగా ఉండే ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని చుట్టూ ప్రొటీను, కొవ్వు పొర. ఆ పోగులో ఉన్నది కేవలం 10 ప్రొటీన్లకు సరిపడా సమాచారం. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు దానికి లేవు, శక్తినిచ్చే మైటోకాండ్రియా లేదు. పెళ్లివారి వంటశాలలోకి ఎవరో ఒక చీటీ పంపారనుకోండి. చీటీకి ఆకలి ఉండదు. కానీ వంటవాళ్లు అది చదివి, అప్పటిదాకా చేస్తున్న వంట ఆపేసి, చీటీలో రాసినదే వండటం మొదలుపెడితే సరుకులు ఖాళీ అయ్యేది వంటశాలలోనే. మీ బంధువులకి ఇలా చెప్పి చూడండి.

ఇక ఆ సరుకుల సంగతి. కణంలో ఏ పని జరగాలన్నా ఏటీపీ అనే అణువు ఖర్చవుతుంది. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. ఒక గ్లూకోజ్ అణువుని మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా మండిస్తే కణానికి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి. సగంలో ఆపేసి లాక్టిక్ ఆమ్లంగా బయటికి వదిలేస్తే మిగిలేది రెండే. లెక్క ప్రకారం రెండోది దండగ. అయినా చాలా వైరస్‌లు సోకిన కణాలు ఆ దారే ఎక్కువగా పడతాయి. క్యాన్సర్ కణాల్లో ఇదే అలవాటుని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే చూశారు.

ఎందుకంటే సగంలో ఆగే దారి వేగంగా నడుస్తుంది. పైగా గ్లూకోజ్‌ని పూర్తిగా మండించేస్తే చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీళ్లు. మధ్యలో పక్కదారి పట్టిస్తే ఆ కార్బన్‌తోనే కొత్త ఆర్‌ఎన్‌ఏకి కావాల్సిన ముక్కలు, కొవ్వు ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు తయారవుతాయి. వేలకొద్దీ వైరస్‌లు కట్టాలంటే శక్తి ఒక్కటే చాలదు, సామాను కావాలి. ఈ సంగతి చాలా పాతది. 1956లోనే అమెరికాలో హ్యారీ ఈగిల్, కార్ల్ హాబెల్ హీలా అనే, ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాల్లో పోలియో వైరస్ పెంచి, అది పెరగాలంటే కణాలకు గ్లూకోజ్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం అందాలని చూపించారు. తర్వాత చాలాకాలం అందరి దృష్టీ వైరస్ జన్యువుల మీదికి మళ్లింది. కణం ఏమవుతోందన్నది మళ్లీ గట్టిగా అడగడం ఈ ఇరవై ఏళ్లలోనే. నన్ను ఈ సబ్జెక్ట్‌లోకి లాగింది కూడా ఆ ప్రశ్నే. జ్వరపడి లేచినవాళ్ల దగ్గర వైరస్ గురించి ఎంతో మాట్లాడతాం గాని, ఆ వారం రోజులూ దాన్ని మోసిన కణం గురించి ఎవరూ అడగరు.

మీ అమ్మాయి రోజూ చూసేదేమిటో కూడా చెబుతాను. మేం కణాల్ని పెంచే ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది. తాజాగా పోసినప్పుడు చక్కటి ఎరుపు. కణాలు లాక్టిక్ ఆమ్లం వదిలేకొద్దీ ఎరుపు కాస్తా నారింజలోకి, ఆపైన పసుపులోకి దిగుతుంది. వైరస్ వేసిన ఫ్లాస్కు, వేయని ఫ్లాస్కు పక్కపక్కనే పెట్టి ఇంక్యుబేటర్ తలుపు తీసినప్పుడు ఒకటి ముందే రంగు తిరిగి ఉంటే మనసు ఆగదు. కానీ రంగుని నమ్మేయకూడదు. ఒకదాంట్లో కణాలు కాస్త ఎక్కువ పడినా పసుపు అవుతుంది, బ్యాక్టీరియా దూరినా అవుతుంది. అందుకే ద్రవం తీసి లాక్టేట్ (ఆ లాక్టిక్ ఆమ్లమే) విడిగా కొలుస్తాం, గ్లూకోజ్ ఎంత తగ్గిందో కొలుస్తాం, కణాల్ని లెక్కపెడతాం. ఇంకా లోతుకి వెళ్లాలంటే బరువైన కార్బన్‌తో చేసిన గ్లూకోజ్ పోస్తాం. మామూలు గ్లూకోజ్ అణుభారం 180 అయితే, ఆరు కార్బన్లూ కార్బన్-13 అయినప్పుడు 186. ఆ బరువైన కార్బన్లు కొన్ని గంటల తర్వాత ఎక్కడ తేలాయో అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ చెబుతుంది. మూడు బరువైన కార్బన్లతో లాక్టేట్‌లో కనిపిస్తే సగంలో ఆగిన దారి, రెండు బరువైన కార్బన్లతో సిట్రేట్‌లో కనిపిస్తే మైటోకాండ్రియాలోకి వెళ్లిన దారి. తిన్న చక్కెర ఎటు పోయిందో అణువు అణువునా కనిపిస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

డెంగ్యూలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది కొవ్వు. 2010లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు రెండు సంగతులు బయటపెట్టారు. వైరస్ సోకిన కణం తన నిల్వ కొవ్వు బొట్లని తానే కరిగించుకుని శక్తి తీస్తుంది. అదే సమయంలో వైరస్ తాలూకు ఎన్‌ఎస్3 అనే ప్రొటీను, కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైమ్‌ని తన దగ్గరికి లాక్కుని, వైరస్ నకళ్లు తయారయ్యే చోటే కూర్చోబెడుతుంది. ఒక పక్క కరిగించడం, ఇంకో పక్క తయారుచేయడం! మామూలుగా కణం ఈ రెండూ ఒకేసారి జరగకుండా చూసుకుంటుంది. ఆ కట్టడి సడలడం ఎలా జరుగుతుందన్నది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అన్ని వైరస్‌లూ ఇలాగే చేస్తాయని మాత్రం అనుకోవద్దు. సైటోమెగలో వైరస్ కణాన్ని కొవ్వు తయారీ వైపు బాగా నెడుతుంది. దాని చుట్టమే అయిన హెర్పిస్ సింప్లెక్స్ డీఎన్‌ఏ ముక్కల తయారీ వైపు నెడుతుంది. వ్యాక్సినియా వైరస్‌కి గ్లూకోజ్ కన్నా గ్లూటమిన్ ముఖ్యం.

ప్రశ్న: మా బాబుకి డెంగ్యూ అన్నారు. మా అత్తగారు "లంఖణం పరమౌషధం, అన్నం పెట్టకు" అంటున్నారు. చక్కెర వైరస్‌కి బలం అని వాట్సాప్‌లో కూడా వచ్చింది. గ్లూకోజ్ నీళ్లు ఇవ్వొచ్చా?
– ఒక గృహిణి, గాజువాక

అమ్మా, బాబుకి తాగడానికి ఇవ్వండి. ఓఆర్‌ఎస్, గంజి, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఏది తాగితే అది, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. డెంగ్యూలో ప్రమాదం రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం వల్ల వస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గకూడదు. అన్నం తినాలనిపిస్తే మెత్తగా కలిపి పెట్టండి, వద్దంటే బలవంతం చేయకండి.

వాట్సాప్‌లో వచ్చిన ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, అందుకే బాధగా ఉంది. ల్యాబ్‌లో గ్లూకోజ్ తీసేసిన ద్రవంలో కణాల్ని పెడితే డెంగ్యూ వైరస్ బాగా తగ్గుతుంది, నిజమే. 2015లో అచ్చయిన పరిశోధన ఉంది. కానీ అది ప్లాస్టిక్ పళ్లెంలో అంటుకుని ఉన్న ఒక్క పొర కణాల మాట. పిల్లవాడి ఒంట్లో మీరు చక్కెర పెట్టకపోయినా లివర్ తన నిల్వల్లోంచి గ్లూకోజ్ వదులుతుంది, అవి అయిపోతే ప్రొటీన్ల నుంచి తయారుచేస్తుంది. రక్తంలో గ్లూకోజ్ పడిపోతే ముందు ఇబ్బంది పడేది మెదడు, వైరస్ కాదు. మీరు పస్తు పెట్టేది బాబునే అవుతుంది.

అత్తగారి మాటలో కొంత సత్తువ ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. జ్వరంలో ఆకలి మందగించడం ఒంటికి సహజం. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో 2016లో ఎలుకల మీద ఒక పరిశోధన చేశారు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకిన ఎలుకలకి గ్లూకోజ్ పెడితే చనిపోయాయి, పెట్టకపోతే తట్టుకున్నాయి. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ సోకిన ఎలుకల్లో సరిగ్గా తలకిందులు: తిండి పెడితే తట్టుకున్నాయి, గ్లూకోజ్ వాడుకోకుండా అడ్డుకుంటే చనిపోయాయి. రెండు చోట్లా ఒంట్లో సూక్ష్మజీవి ఎంత ఉందన్నదాంట్లో పెద్ద తేడా రాలేదు. తేడా అంతా ఒళ్లు ఆ దెబ్బని ఓర్చుకోవడంలో వచ్చింది. ఎలుకల్లో తేలింది మీ బాబుకి అచ్చంగా వర్తిస్తుందని నేను అనను. కానీ అన్ని జ్వరాలకీ ఒకే పథ్యం కుదరదన్న మాట అత్తగారికి నెమ్మదిగా చెప్పడానికి ఇది చాలు.

జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, రక్తస్రావం భయం ఉంటుంది. జ్వరం తగ్గిన రోజున హమ్మయ్య అనుకుని వదిలేయకండి. ముప్పు ఎక్కువగా అప్పుడే మొదలవుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బాగా మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. డెంగ్యూ వస్తే మామూలు వాళ్లకన్నా జాగ్రత్త ఎక్కువ అవసరమా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

అవసరమండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో షుగర్ ఉన్నవాళ్లని, గర్భిణులని, పసిపిల్లల్ని, పెద్ద వయసువాళ్లని ప్రమాద లక్షణాలు కనిపించకపోయినా ఆస్పత్రి పర్యవేక్షణలో ఉంచాలనే చెప్పారు. షుగర్ మందులు సొంతంగా ఆపడం, పెంచడం వద్దు. కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ ఎంత తాగొచ్చో ఆయన డాక్టర్నే అడగండి.

ప్రశ్న: మా చిన్నతనంలో విశాఖలో ఈ డెంగ్యూ పేరే వినలేదు. ఈమధ్యే ఎక్కడినుంచో వచ్చింది కదా?
– ఒక సీనియర్ సిటిజన్, అల్లిపురం

ఈమధ్య వచ్చింది కాదండీ. 1963–64లో కలకత్తాలోనూ తూర్పు తీరంలోనూ డెంగ్యూ విరుచుకుపడినప్పుడు మన ఊరూ అందులో ఉంది. విశాఖపట్నంలో వచ్చిన "డెంగ్యూ లాంటి జ్వరాల" మీద వైరస్ పరీక్షల వ్యాసం ఒకటి, రోగుల లక్షణాల మీద వ్యాసం ఇంకొకటి 1965లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయ్యాయి. శీర్షికలోనే మన ఊరి పేరు ఉంటుంది. నా థీసిస్ కోసం పాత వ్యాసాలు వెతుకుతూ ఆ పేరు చూసినప్పుడు కుర్చీలోంచి లేచి పక్క బెంచీవాళ్లందరికీ చూపించాను. మీ చిన్నతనంలో ఇంట్లో పెద్దవాళ్లు ఒళ్లునొప్పుల విషజ్వరం అని చెప్పుకున్నవాటిలో కొన్ని ఇవే అయి ఉండొచ్చు.

ప్రశ్న: మా కోడలు వైరస్ ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తుంది. సాయంత్రం రాగానే మనవడు పరిగెత్తుకెళ్లి చంక ఎక్కుతాడు. నాకు ఒకటే టెన్షన్. బట్టల మీద వైరస్ ఇంటికి వస్తుందా?
– ఒక నాయనమ్మ, మధురవాడ

చంక ఎక్కనివ్వండి అమ్మా. కోడలు పని చేసేది డెంగ్యూ అయితే అది బట్టల మీదా చేతుల మీదా ప్రయాణం చేసి పిల్లాడికి అంటుకునేది కాదు, ఏడిస్ దోమ కుట్టాలి. వేరే వైరస్ అయినా పద్ధతులు గట్టిగానే ఉంటాయి. వైరస్ గొట్టం మూత తీసేది గాలి వడపోసే సేఫ్టీ క్యాబినెట్ లోపలే. ల్యాబ్ కోటు, గ్లవ్స్ ల్యాబ్‌లోనే వదిలేసి, చేతులు కడుక్కుని బయటికి వస్తాం. వైరస్ తగిలిన ద్రవమేదైనా హైపోక్లోరైట్‌లో పోస్తాం, మిగతా వ్యర్థాలు 121 డిగ్రీల ఆవిరిలో ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి వెళతాయి. మాకు ల్యాబ్‌లో నిజంగా భయం ఉండేది సూది గుచ్చుకోవడం గురించి.

ఒక్క విషయం మాత్రం. కోడలు మళ్లీ నెల తప్పితే ఆ సంగతి తన గైడ్‌కి వెంటనే చెప్పమనండి. సైటోమెగలో వైరస్ వంటివి కడుపులో బిడ్డకి హాని చేస్తాయి కాబట్టి, పని మార్చుకోవాలా అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఈ మాట చెప్పడానికి ఆడపిల్లలు ల్యాబుల్లో మొహమాటపడతారు. ఇంట్లో పెద్దవాళ్లు అండగా నిలబడితే ఆ మొహమాటం ఉండదు.

ప్రశ్న: కణంలో ఏం జరుగుతుందో ఇంత తెలిశాక, ఆ దారి మూసేసే మందు ఇస్తే సరిపోతుంది కదా? ఇన్నేళ్లయినా డెంగ్యూకి మందు లేదేం?
– ఒక రిటైర్డ్ టీచర్, భీమిలి

మాస్టారూ, మీ ప్రశ్నే ఈ రంగమంతటి ప్రశ్న. ఆశ ఎందుకు ఉందో ముందు చెబుతాను. డెంగ్యూలో నాలుగు రకాలున్నాయి, వైరస్ ఆర్‌ఎన్‌ఏ మారుతూ ఉంటుంది. కణంలోని ఎంజైములు అలా మారవు. నాలుగు రకాలూ వాడుకునే కణం ఒకటే. అక్కడ అడ్డుపడితే నాలుగిటికీ అడ్డుపడినట్టే అని లెక్క.

చిక్కు కూడా అక్కడే ఉంది. అవే ఎంజైములు ఆరోగ్యంగా ఉన్న కణాలకీ కావాలి. కొలెస్ట్రాల్ తయారీని తగ్గించే లోవాస్టాటిన్‌ని వియత్నాంలో డెంగ్యూ వచ్చిన పెద్దవాళ్లకి ఇచ్చి చూశారు. హాని చేయలేదు గాని మేలు కూడా కనిపించలేదు, 2016లో ఫలితాలు వచ్చాయి. అంతకుముందు సింగపూర్‌లో సెల్గోసివిర్ అనే మందుని ప్రయత్నించారు. వైరస్ ప్రొటీన్లకు చక్కెర గొలుసులు సరిగ్గా తయారవకుండా అడ్డుకునే మందు అది. ల్యాబ్‌లో, ఎలుకల్లో బాగా పనిచేసింది. రోగుల్లో వైరస్‌ని గాని జ్వరాన్ని గాని చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. జ్వరంతో మనిషి ఆస్పత్రికి వచ్చేసరికి ఒంట్లో వైరస్ చేయాల్సిన పని చాలావరకు చేసేసి ఉంటుంది. ఎంత మంచి మందయినా ఆలస్యంగా పడితే ఏం చేస్తుంది?

మన దగ్గర అందరికీ గుర్తుండే ఉదాహరణ 2-డీజీ. గ్లూకోజ్‌లా కనిపిస్తూ కణంలోకి దూరి, చక్కెర వాడకాన్ని అడ్డుకునే అణువు. డీఆర్‌డీఓ ల్యాబ్, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చిన ఆ పొడి ప్యాకెట్‌కి 2021 మేలో కోవిడ్ కోసం అత్యవసర వాడకానికి అనుమతి ఇచ్చారు, అదీ ఆస్పత్రిలో మిగతా చికిత్సకి తోడుగా. ఇందాక చెప్పిన యేల్ పరిశోధనలో ఫ్లూ ఎలుకలకి చక్కెర అడ్డుకోవడానికి వాడింది కూడా ఈ 2-డీజీనే. ఒకే అణువు ఒకచోట మందుగా, ఒకచోట ప్రాణాంతకంగా కనిపిస్తున్నప్పుడు ఏ వైరస్, ఏ దశ, ఎంత మోతాదు అన్నవి తేల్చకుండా తొందరపడటం నాకు ఇష్టం ఉండదు. నా అభిప్రాయంలో ఈ రంగంలో ఇప్పుడు కావాల్సింది ఇంకో కొత్త మందు పేరు కన్నా ఆ మూడిటికీ జవాబు.

అలాగని ఇది జరగని పని అనుకోకండి. సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినాప్టెరిన్, డీఎన్‌ఏ ముక్కల తయారీకి ఫోలిక్ ఆమ్లం అందకుండా చేస్తుంది. దాంతో లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో బోస్టన్ నుంచి రాశారు. దాని చుట్టమైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. కణం జీవక్రియలో ఒక మెట్టుని అడ్డుకుని మనుషుల్ని బతికించవచ్చని అలా రుజువైంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. మీలా పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో "ఉద్యోగం చూసుకో" అంటున్నారు. రోజువారీ పని ఎలా ఉంటుంది? స్టైపెండ్ వస్తుందా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

డబ్బు సంగతి ముందు చెబుతానమ్మా, ఇంట్లో అడిగేది అదే కాబట్టి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 42,000, ఇంటద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఈ రేట్లు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా నెట్ స్కోరుతో అడ్మిషన్‌కి ప్రయత్నించవచ్చు, కానీ స్టైపెండ్ సంగతి ముందే తేల్చుకుని చేరండి. డబ్బు వస్తుందో రాదో తెలియకుండా చేరి నలిగిపోయినవాళ్లని చూశాను.

పని మాత్రం కణాల టైమ్ ప్రకారం నడుస్తుంది, మన టైమ్ ప్రకారం కాదు. వాటికి ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, సమయానికి తాజా ద్రవం. నేను వాడే హెచ్‌యూహెచ్-7 కణాలు 1982లో జపాన్‌లో ఒక రోగి లివర్ కణితి నుంచి పెంచినవి. వాటి నిల్వ సీసాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటాయి. దానికి కరెంటు అక్కర్లేదు, నైట్రోజన్ తగ్గకుండా నింపుతూ ఉంటే చాలు. తుపాన్ల ఊరిలో ఇది చిన్న సంగతి కాదు. విశాఖ ఉక్కపోతలో మాకు అసలు శత్రువు ఫంగస్. వానాకాలంలో ఒక్క ఫ్లాస్కులో దూదిలాంటి మచ్చ కనిపిస్తే ఇంక్యుబేటర్ అంతా ఖాళీ చేసి కడగాలి. ఆ రోజు ఏడుపొస్తుంది, అది మామూలే.

వైరస్‌ని లెక్కపెట్టే పని ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. పళ్లెం అడుగున కణాల్ని నిండుగా పరిచి, పలచన చేసిన వైరస్ పోసి, పైన జిగురు పొర వేసి కదపకుండా కొన్ని రోజులు ఉంచుతాం. తర్వాత క్రిస్టల్ వయొలెట్ పోసి కుళాయి కింద మెల్లగా కడిగితే బతికున్న కణాలు ఊదా రంగులో మిగులుతాయి. కణాలు చచ్చినచోట చిన్న గుండ్రటి ఖాళీలు. ఒక్కో ఖాళీ ఒక్క వైరస్‌తో మొదలైనది. లైట్‌కి ఎత్తి పట్టుకుని పెన్నుతో చుక్కలు పెడుతూ లెక్కపెడతాం. కంటికి కనిపించనిదాన్ని వేలితో చూపించగలిగే రోజు అది.

మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వైరస్ దొరకకపోతే బెంగ పెట్టుకోకండి. కణాలు పెంచడం నేర్పే ల్యాబ్ చూసుకోండి. గ్లూకోజ్, లాక్టేట్ కొలవడం చేతికి అలవాటు చేసుకోండి. గ్లైకాలిసిస్, అంటే కణం గ్లూకోజ్‌ని విరిచే దారి, దాని మెట్లు పరీక్ష కోసం బట్టీ పట్టకుండా, ప్రతి మెట్టులోనూ ఎన్ని కార్బన్లు ఉన్నాయో కాగితం మీద గీసుకుంటూ చదవండి. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది అదే. ఇంట్లోవాళ్లకి నచ్చజెప్పడం కష్టమైతే నెట్ నోటిఫికేషన్ వచ్చేలోపు మళ్లీ రాయండి, ఆ సంగతి విడిగా మాట్లాడుకుందాం.